మూత వెనక చీటీ

లైసెన్సు ఆఫీసు తిప్పి పంపిన దరఖాస్తు నిన్న సాయంత్రం నుంచీ చక్కెర డబ్బా కిందే ఉంది. డబ్బా ఎత్తితే కాగితం చూడాలి, కాగితం చూస్తే మాట్లాడాలి. అందుకని ఆ పొద్దున ఇంట్లో నలుగురూ టీ చప్పగానే తాగారు.

ఎంతసేపని ఊరుకుంటుంది మనిషి? కోడలు లేచి, డబ్బా పక్కకి జరిపి, కాగితం తీసి, అందరికీ వినపడేలా చదివింది.

"దరఖాస్తుదారు పరీక్షలో ఉత్తీర్ణులైనారు. అయితే నాలుగేళ్ళ పని అనుభవానికి రుజువుగా జతపరచిన పని పుస్తకాలలో దరఖాస్తుదారు పేరు ఎక్కడా కానరాలేదు. శుక్రవారం సాయంత్రంలోగా తగిన రుజువు అందజేయని పక్షంలో పరీక్షా ఫలితం కూడా రద్దగును."

"నిన్న చదివావుగా," అన్నాడు మొగుడు, ఫోనులోంచి తలెత్తకుండా.

"నిన్న నేను చదువుకున్నాను. ఇవాళ మీకు వినిపిస్తున్నాను. ఇవాళ బుధవారం."

 మామగారి ముందు పళ్ళెంలో రకరకాల స్క్రూలు పోసి ఉన్నాయి. పొడుగువి ఒక పక్కకి, పొట్టివి ఒక పక్కకి ఏరుతున్నారు. మాట్లాడటం ఇష్టం లేనప్పుడల్లా ఆయన స్క్రూలు ఏరతారు. ఆ నెలలో ఆ ఇంట్లో స్క్రూలన్నీ మూడేసి సార్లు ఏరడం అయిపోయింది.

ఇంటి కింద భాగమే వాళ్ళ దుకాణం. తలుపు గంటలు, కెమెరాలు, టెలిఫోను తీగలు, మంటల అలారాలు. ముట్టుకుంటే షాకు కొట్టని చిన్న కరెంటు పనులన్నీ వాళ్ళవే. కుర్రతనంలో ఇంటింటికీ గంటలు బిగిస్తూ మొదలుపెట్టినందుకు మామగారిని ఊళ్ళో ఇప్పటికీ గంటల మాస్టారనే అంటారు. షాకు కొట్టని తీగకి కూడా లైసెన్సేమిటని ఆయన ముప్పై ఏళ్ళుగా సణుగుతూనే ఉన్నారు. సణుగుతూనే ఆ లైసెన్సుకి అద్దం కట్టించి దుకాణం గోడకి తగిలించారు, వారానికోసారి తుడుస్తారు కూడా.

ఇన్నాళ్ళూ గోడ మీద ఆ ఒక్కటీ ఉంటే దుకాణమంతటికీ సరిపోయేది. ఈ నెల ఒకటో తారీకు నుంచి కొత్త రూలు వచ్చింది. తీగ ముట్టుకునే ప్రతి మనిషి జేబులోనూ ఆ మనిషి పేరుతో కార్డుండాలి. లేకపోతే పని ఆపేస్తారు.

ఇప్పుడు ఇంటి సంగతి చూడండి. కార్డున్నది మామగారికి. ఆయనకి మోకాళ్ళు అరిగిపోయి నిచ్చెన రెండో మెట్టు దాటలేరు. శిక్షణలో ఉన్నట్టు చిన్న కార్డున్నది మొగుడికి. అతను పరీక్ష రెండుసార్లు తప్పాడు. తొమ్మిదేళ్ళుగా నిచ్చెనెక్కి తీగలు కలిపిన మనిషి కోడలు. మొదటిసారికే పరీక్ష పాసైంది కూడా ఆమే. ఆమెకి ఏ కార్డూ లేదు.

ఏటేటా ఆఫీసుకి పని పుస్తకం ఒకటి పంపాలి. ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని గంటలు, ఎవరు పనిచేశారని. తొమ్మిదేళ్ళూ మామగారు ఆ 'ఎవరు' దగ్గర కొడుకు పేరే రాశారు. కింద 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అన్నచోట గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టారు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ సామెత ఆ పుస్తకాల అట్ట మీద రాయొచ్చు.

"మామయ్యా, నేనడిగేది ఒక్క ఉత్తరం," అంది కోడలు. "ఆ గంటలు నావని, పొరపాటున ఆయన పేరు పడిందని రాసి సంతకం పెట్టండి. అంతే."

మామగారు ఒక పొట్టి స్క్రూని వెలుతురులో తిప్పి చూశారు.

"పొరపాటు ఒకసారి జరుగుతుంది," అన్నాడు మొగుడు. "తొమ్మిదేళ్ళు జరుగుతుందా? నాన్న అలా రాస్తే, ఇన్నేళ్ళూ తప్పుడు సంతకాలు పెట్టానని తన చేత్తో తనే రాసిచ్చినట్టు. ఆ లైసెన్సు గోడ మీంచి దిగిపోతుంది. ఇక షట్టరేసుకుని కూర్చోడమే."

"మరి రాసినప్పుడు తెలీలేదా?"

"రాసినప్పుడు ఈ రూలెక్కడుంది? ఎవరి పేరు రాస్తే ఏంటి, అందరం ఇంట్లోవాళ్ళమేగా అనుకున్నాం."

"ఇంట్లోవాళ్ళం అందరమే. పుస్తకాల్లోకి ఎక్కింది మాత్రం మీరొక్కరే."

అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "పొద్దున్నే మొదలుపెట్టారా? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోడమంటే ఇదే. అమ్మాయ్, కార్డు లేకపోతే పనికెళ్ళకు. ఇంట్లో ఉండు. నాకూ తోడుగా ఉంటుంది."

"నేనింట్లో ఉంటే నిచ్చెన ఎవరెక్కుతారత్తయ్యా?"

అత్తగారు కొడుకు వైపు చూసింది. కొడుకు ఫోను వైపు చూశాడు.

అతను సోమరి అనుకుంటే పాపం. నాలుగంతస్తుల పైకి తీగ చుట్టలు భుజాన మోసుకెళ్ళేది అతనే. పనులు తెచ్చేది అతనే. మాట తీపి. విసుక్కుంటూ తలుపు తీసినవాళ్ళ చేత కూడా టీ పెట్టించుకుని, రెండు కెమెరాలు అడిగినచోట ఆరు ఒప్పించి వస్తాడు. అన్నీ ఉన్నాయి. ఒక్క తీగ చేతికిస్తే మాత్రం అతని పది వేళ్ళూ పది దిక్కులకి పోతాయి.

"పదిహేనో తారీకున నా పరీక్ష," అన్నాడు అతను ఫోను పక్కన పెట్టి. "ఆ గంటలు చూపించే నేను రాస్తున్నాను. అవి నీవైతే నాకేం మిగుల్తాయి? మళ్ళీ మొదట్నించి నాలుగేళ్ళు నేర్చుకోవాలా?"

"నేర్చుకుంటే తప్పేంటి?"

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అతని మొహం నల్లగా అయిపోయింది. పళ్ళెంలో స్క్రూల చప్పుడు పెద్దదైంది.

చివరికి అత్తగారే అందుకుంది. "పోనీ నువ్వూ ఇవాళే ఆ శిక్షణ కార్డు తీసుకో. నాలుగేళ్ళంటే ఎంత, కళ్ళు మూసి తెరిస్తే అయిపోతాయి."

"నాకు ముప్పై ఎనిమిది అత్తయ్యా. ఆ నాలుగేళ్ళూ ఎవరి కింద నేర్చుకోను? మామయ్య వచ్చే ఏడు మానేస్తానంటున్నారు. ఈయన పాసైతే ఈయన కింద చేరాలి. ఏ తీగ ఎక్కడ కలపాలో ఈయనకి నేను చెబుతాను. నాకు ఈయన నేర్పినట్టు పుస్తకంలో రాసుకుంటారు. బాగుంటుందా?"

మామగారి గొంతులోంచి నవ్వులాంటిదొకటి జారింది. ఆయన వెంటనే దగ్గు తెచ్చుకుని దాన్ని కప్పేశారు. కోడలు చూసింది. చూసి ఇంకా మండిపోయింది. నవ్వొస్తుంది గాని మాట రాదు ఈయనకి.

"పుస్తకాల్లో లేకపోతే పోనీ," అంది. "చీటీలున్నాయి. పెట్టెలన్నిట్లోనూ నా చేతిరాత ఉంది."

చీటీల అలవాటు మామగారిదే. పని పూర్తయ్యాక, తీగలు చేరే పెట్టె మూత బిగించే ముందు, మూత వెనక చిన్న చీటీ అంటించాలి. తేదీ ముందు, కలిపినవాళ్ళ పేరు తర్వాత. రేపు చెడిపోతే ఎవరిని తిట్టాలో తెలియాలి కదా అనేవారు. ఆమె మొట్టమొదటి పెట్టె కలిపిన రోజున, ఏమని రాయను మామయ్యా అని అడిగింది. 'కోడలని రాయి, నాకున్నది ఒక్కతేగా' అన్నారాయన. ఆ రోజు ఎంత సంతోషపడిందో. అప్పటి నుంచి అన్ని పెట్టెల్లోనూ కోడలనే రాస్తూ వచ్చింది.

మొగుడు నవ్వాడు, ఆ పొద్దున మొదటిసారి. "కోడలని రాసుంది వాటి మీద. అది పట్టుకెళ్ళి ఆఫీసులో ఇస్తావా? ఎవరి కోడలని అడిగితే ఏం చెప్తావు? ఈ ఊళ్ళో ఇంటికో కోడలుంది."

ఆమె మామగారి వైపు తిరిగింది. ఒక్క మాట. ఈ ఒక్కదానికైనా ఆయన ఒక్క మాట అంటే చాలనిపించింది.

"ఆలస్యమవుతోంది," అన్నారు మామగారు, పళ్ళెం పక్కకి తోసి లేస్తూ. "పదకొండింటికి బళ్ళో తనిఖీ."

కోడలు కప్పులన్నీ పోగేసుకెళ్ళి తొట్లో పడేసింది. ఒకటి చెవి విరిగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటారు గాని, ఆ ఇంట్లో అత్త మీద కోపం తక్కువే. అసలు కోపమంతా ఎర్ర చొక్కా వేసుకుని, మోకాళ్ళు పట్టుకుని, మెట్లు దిగుతున్న మనిషి మీద.

*

వ్యానులో ముందు సీట్లోనే ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. 

"ఇవాళ నువ్వు నిచ్చెన దగ్గరికి రాకు," అన్నాడు మొగుడు, రోడ్డు చూస్తూ. "ఓ పక్కన నిలబడు. ఎవరన్నా అడిగితే..."

"ఏం చెప్పను?"

"సామాను మొయ్యడానికి వచ్చానని చెప్పు. ఇవాళ్టికే."

ఆమె సంచీలోంచి చీటీల కట్ట తీసి అతని ఒళ్ళో పడేసింది. "అయితే ఇవాళ్టి చీటీ కూడా మీరే రాసుకోండి."

మధ్యలో కూర్చున్న మామగారు మోకాలు రుద్దుకున్నారు.

బడికి కొత్తగా కట్టిన భాగంలో మంటల అలారం వాళ్ళదే. గదిగదికీ పైకప్పున పొగని పసిగట్టే గిన్నెల్లాంటివి, వాటన్నిటినీ కలుపుతూ తీగలు, ఆ తీగలన్నీ చివరికి చేరే పెద్ద పెట్టె ఒకటి నడవాలో. తనిఖీ అయి సంతకం పడితే తప్ప పిల్లల్ని ఆ గదుల్లోకి పంపరు. కొత్త రూలు రాకముందు కోడలు ముప్పాతిక పని చేసేసింది. మిగిలిన పావు వంతు ఈ నెలలో మొగుడు చేశాడు.

ఇన్‌స్పెక్టరమ్మకి జలుబు. ఒక చేతిలో రుమాలు, ఒక చేతిలో పలక లాంటి ఫోను. వస్తూనే, "కార్డులు," అంది.

మామగారిది చూసింది. మొగుడి చిన్న కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత కోడలి వైపు కళ్ళెగరేసింది.

"మీరు?"

మొగుడు గొంతు సవరించుకున్నాడు. అతనికి ఆ అవసరం లేకుండా కోడలే చెప్పింది.

"సామాను మోస్తానండి."

మామగారు తల వంచుకుని నేల మీద గచ్చు చూస్తున్నారు. చూడనీ అనుకుంది. బాగా చూడనీ.

పెట్టెకి కరెంటిచ్చారు. పచ్చ దీపం వెలగాలి. పసుపు దీపం వెలిగింది. వెలగడమే కాదు, లెక్కపెట్టినట్టు టిక్కు టిక్కుమంటూ మొదలుపెట్టింది.

కోడలికి ఆ క్షణంలోనే అర్థమైపోయింది. తీగ ఎక్కడ ఆగిపోతుందో ఆ చిట్టచివర గిన్నెలో బియ్యపు గింజంత రెసిస్టరొకటి బిగించాలి. అది ఉంటేనే తీగ ఎక్కడా తెగలేదని పెట్టెకి నమ్మకం. లేకపోతే ఇలా గోల పెడుతుంది. ఆ చివరి గిన్నె లైబ్రరీ గదిలో ఉంది. పోయిన శుక్రవారం లైబ్రరీ గది చేసింది మొగుడు. రెసిస్టరు బిగించానని అన్నాడు కూడా. అది ఇప్పుడు వ్యాను ముందద్దం దగ్గర డబ్బాలో, పెన్ను మూతల మధ్య పడి ఉంటుంది.

మొగుడు నిచ్చెన వేసుకుని మొదటి గదిలోకి వెళ్ళాడు. గిన్నె విప్పాడు, చూశాడు, బిగించాడు. రెండో గది. విప్పాడు, చూశాడు, బిగించాడు. ఆరు గదులున్నాయి. లైబ్రరీ ఆరోది. మూడో గదిలో స్క్రూ కింద పడి దొర్లిపోతే దాన్ని వెతకడానికే ఐదు నిమిషాలు పట్టింది. కోడలు గుమ్మం దగ్గర నిలబడి పళ్ళు కొరుక్కుంది. చేతులు వెనక కట్టుకుంటే తప్ప అవి నిచ్చెన వైపే పోతున్నాయి.

ఇక ఆగలేక, "చివరి దాంట్లో..." అని మొదలుపెట్టింది.

"సామాను మోసేవాళ్ళు మాట్లాడక్కర్లేదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ, రుమాల్లో చీదుకుంటూ.

కోడలు నోరు మూసుకుంది. చెవులు వేడెక్కిపోయాయి. మామగారు ఒక్కసారి ఆమె వైపు చూసి మళ్ళీ కళ్ళు దించుకున్నారు.

నలభై నిమిషాలైంది. మొగుడు నాలుగో గదిలోనే ఉన్నాడు. వీపంతా చెమట. టిక్కు టిక్కు ఆగలేదు.

"ఏమిటండీ ఇది?" అంది ఇన్‌స్పెక్టరమ్మ మామగారితో. "ఈ బడి పాత భాగంలో ఆరేళ్ళ కిందట అలారం పెట్టింది కూడా మీరేగా? అది ఒక్కరోజు కూడా మొరాయించలేదని రికార్డులో ఉంది. అదే షాపు, అదే మనిషి. ఇప్పుడేమైంది? పదండి, ముందు దాన్ని చూస్తాను."

నాలుగో గదిలోంచి మొగుడు నిచ్చెన దిగి పరిగెత్తుకొచ్చాడు. "బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడమండీ?"

"బాగా నడుస్తోందనే చూస్తానంటున్నాను."

పాత భాగం నడవాలో, పిల్లల బల్ల ఒకటి గోడవారగా వేసి ఉన్నచోట ఉంది ఆ పెట్టె. మూత విప్పే అర్హత అక్కడ మామగారికే ఉంది. ఆయన మోకాళ్ళ నొప్పి చేతుల్లోకి వచ్చిందో ఏమో గాని నాలుగు స్క్రూలు విప్పడానికి చాలాసేపు పట్టింది. విప్పిన స్క్రూలు ఒక్కొక్కటే అరచేతిలో వేసుకున్నారు.

మూత వచ్చేసింది. లోపల తీగలన్నీ కుదురుగా పాయలు తీసి కట్టి ఉన్నాయి. ఎర్రవి ఒక పాయ, నల్లవి ఒక పాయ. ప్రతి తీగ మెడకీ చిన్న అట్టముక్క, దాని మీద గది నంబరు. ఆరేళ్ళ దుమ్ము పైన ఉంది గాని లోపల ఒక్క ముడి కూడా వదులవలేదు. ఇన్‌స్పెక్టరమ్మ చీదడం మానేసి చూసింది. కోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. ఆ పాయలు కట్టడానికి మధ్యాహ్నం తిండి కూడా మానేసింది.

ఇన్‌స్పెక్టరమ్మ మూత తిరగేసింది. కళ్ళజోడు పైకి తోసుకుని చీటీ చదివింది. తేదీ చదివింది. దాని కింద ఉన్నది రెండుసార్లు చదివింది.

"కలిపింది, కోడలు," అంది. "ఎవరి కోడలు?"

పొద్దున నవ్వులాటకి అన్న మాట నడవాలో వినపడేసరికి మొగుడు ఉలిక్కిపడ్డాడు. తేరుకుని, "అది మా షాపు గుర్తండి. నంబర్ల బదులు అలా ఒక్కో మాట..." అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ పలక మీద వేలితో జరుపుతూ వెతికింది. "ఈ తేదీన పని పుస్తకంలో ఎనిమిది గంటలూ మీ పేరు మీదున్నాయి. ఇది మీ చేతిరాతా?"

అతను చీటీ వైపు, తండ్రి వైపు చూశాడు.

"ఇందాక అక్కడ మీ చేతిపని చూశాను. ఇప్పుడిది చూస్తున్నాను. ఇదీ అదీ ఒకరే చేశారంటే నమ్మమంటారా?"

ఇప్పుడు కోడలు ఒక్క మాటంటే చాలు. నాది అంటే, దుకాణం గోడ మీద అద్దం కట్టిన లైసెన్సు దిగిపోతుంది. మొగుడి పరీక్ష పోతుంది. అనకపోతే ఎల్లుండి సాయంత్రానికి తన పేరు తుడిచిపెట్టుకుపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్విందెవరు, దూకాల్సిందెవరు?  ఆమె పెదవులు బిగించుకుని నిలబడింది. సామాను మోసేవాళ్ళు మాట్లాడక్కర్లేదన్నారుగా. మాట్లాడాల్సినవాళ్ళే మాట్లాడనీ.

నడవా అవతల కొత్త భాగంలో పసుపు దీపం టిక్కు టిక్కుమంటూనే ఉంది.

"నా కోడలండి," అన్నారు మామగారు.

"నాన్నా," అన్నాడు మొగుడు.

"నువ్వుండరా. పొద్దున్నించీ నీ మాటే విన్నాను." ఆయన గుప్పిట్లో స్క్రూలు గలగలమన్నాయి. "పుస్తకంలో రాసింది నేను. సంతకం నాది. పని ఈ అమ్మాయిది. ఈ పెట్టె ఒక్కటే కాదండీ. ఈ తొమ్మిదేళ్ళలో మా షాపు పెట్టిన ఏ పెట్టె మూత తీసినా మీకిదే చీటీ కనిపిస్తుంది."

"మరి అలా ఎందుకు రాశారు?"

మామగారు కొడుకు వైపు చూశారు. "వీడెప్పటికైనా నేర్చుకుంటాడనుకున్నాను. నేర్చుకునేలోపు గంటలు పోగేసి పెడదామనుకున్నాను. కన్నవాణ్ణి కదండీ." కోడలి వైపు చెయ్యి చూపించారు. "ఈ అమ్మాయి ఎన్నడూ అడగలేదు. అడగలేదు కదా అని నేనూ..."

"అడగలేదా మామయ్యా?"

కోడలు ఒకడుగు ముందుకేసింది.

"మూడో ఏడు అడిగాను. పుస్తకంలో ఒక్క పేరుకే చోటుందన్నారు. ఐదో ఏడు అడిగాను. వచ్చే ఏడు చూద్దామన్నారు."

మామగారు గుప్పిట్లో స్క్రూలు చూసుకున్నారు. "అన్నాను," అన్నారు. "అడిగావు. నేనే అన్నాను."

మొగుడు గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. ఈ సంగతి అతనికి తెలీదని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఇన్‌స్పెక్టరమ్మ సంచీలోంచి రెండు కాగితాలు తీసి పిల్లల బల్ల మీద పరిచింది. ఆమె గొంతులో జాలీ లేదు, కోపమూ లేదు. జలుబు ఉంది.

"నోటిమాట మీద నేనేం చెయ్యలేను. ఆయన చెప్పింది ఆయన రాసివ్వాలి. అది నిజమేనని మీరు రాసివ్వాలి. ఇద్దరివీ ఉంటేనే నేను పైకి పంపిస్తాను. మీ గంటలు మీకిస్తారో ఇవ్వరో పైవాళ్ళు తేల్చాలి, నేను మాటివ్వలేను. ఆయన లైసెన్సు మాత్రం ఇవాళే ఆపేస్తారు. మీరు రాయనంటే ఆయన రాసింది ఒక్కటీ చెల్లదు. మీ దరఖాస్తు శుక్రవారంతో అయిపోతుంది."

మామగారు నిలబడే నాలుగు వాక్యాలు రాసి, అదే గుండ్రటి సంతకం పెట్టి, పెన్ను కోడలికి అందించారు.

మొగుడు దగ్గరికొచ్చాడు. "ఇంటికెళ్ళి ఆలోచిద్దాం," అన్నాడు మెల్లగా. తిట్టినట్టు లేదు, బతిమాలినట్టుంది. "దాని మీద సంతకం పెడితే రేపట్నించి మనం ముగ్గురం సామాను మోసేవాళ్ళమే. అమ్మకేం చెప్తాం? ఒక్కరోజు ఆగు. అడుగుతున్నాను కదా."

ఆమె అతని వైపు చూసింది. తొమ్మిదేళ్ళలో అతను ఆమెని ఏదీ అడగడం ఆమెకి గుర్తులేదు. అడగాల్సిన రోజులన్నీ వదిలేసి ఇవాళ అడుగుతున్నాడు. మనసు ఒక్క క్షణం మెత్తబడింది. మెత్తబడ్డందుకు తన మీద తనకే విసుగొచ్చింది.

"లైబ్రరీ గదిలో చివరి గిన్నె," అంది అతనితో. "రెసిస్టరు వ్యానులో డబ్బాలో ఉంది. వెళ్ళి పెట్టండి. ముందు ఆ టిక్కు టిక్కు ఆపండి, తల పగిలిపోతోంది."

అతను కదల్లేదు.

ఆమె బల్ల మీదికి వంగింది. పిల్లల బల్ల కావడంతో బాగా వంగాల్సొచ్చింది. కాగితం పైన ఖాళీ ఎక్కడుందో చూసుకుంది.

"తేదీ ముందు అమ్మాయ్," అన్నారు మామగారు వెనకనుంచి. "పేరు తర్వాత. ఈసారి నీ పేరు రాయి."

కోడలు తేదీ వేసింది. కింది గీత మీద పెన్ను ఆనించింది. అక్కడ చెయ్యి ఆగింది. ఆమె తలెత్తి చూసేసరికి, మామగారు జేబులోంచి తన కార్డు తీసి ఇన్‌స్పెక్టరమ్మ ముందు బల్ల మీద పెట్టేసి, గుప్పిట్లో స్క్రూలు నాలుగూ దాని పక్కన పోసి ఉన్నారు.